బగారా అన్నం ఎలా వండాలి: ఆకు ఎక్కువ, మసాలా తక్కువ

తెలంగాణలో దావత్ అంటే ముందు కోడికూరో మటనో గుర్తొస్తుంది. కానీ విస్తట్లో కూర కంటే ముందు పడేది బగారా అన్నం. అది పొడిపొడిగా, వేడివేడిగా, పుదీనా వాసనతో పడితే కూరకి ఇంకో రుచి వస్తుంది. ముద్దగానో, మసాలా ఘాటుతోనో పడితే ఎంత బాగా వండిన కూరైనా చిన్నబోతుంది.

పేరులోనే పద్ధతి ఉంది. ఉర్దూలో బఘార్ అంటే తాలింపు. తాలింపు వేసి, అందులోనే ఎసరు పోసి, ఆ ఎసట్లో బియ్యం ఉడికిస్తే బగారా అన్నం. హైదరాబాదీ వంకాయ కూర బగారా బైంగన్‌లో ఉన్నదీ ఈ మాటే. బిర్యానీలా పొరలు పేర్చే పని లేదు, మాంసం ముందే కలిపి నానబెట్టే పని లేదు. బియ్యం నానే అరగంట తీసేస్తే పొయ్యి దగ్గర పని నలభై నిమిషాలకు మించదు.

ఇంత తేలికైన వంట కూడా చాలా ఇళ్లలో సరిగ్గా రాదు. ఎందుకంటే రుచి సరిపోదేమోనని గరం మసాలా, ధనియాల పొడి, బిర్యానీ మసాలా ఒక్కొక్కటే వేసుకుంటూ పోతారు. అప్పుడది మసాలా పులావు అయిపోతుంది. బగారాకి అసలు ప్రాణం పుదీనా, కొత్తిమీర. మా పెద్దమ్మది కరీంనగర్ వైపు పల్లెటూరు. కట్టెల పొయ్యి మీద పెద్ద గంజులో బగారా వండేది. ఇంకో నాలుగు లవంగాలు వేద్దామని నేనంటే, "ఆకు ఎక్కువెయ్ బిడ్డా, మసాలా తక్కువెయ్. ఇది కూరతోని కొట్లాడొద్దు" అనేది. నేను ఇప్పటికీ ఆ లెక్కలోనే వండుతాను. మీకు చెప్పబోయేది కూడా అదే.

ఏమేం కావాలి

కూర పక్కన ఉందనుకుంటే ఈ కొలత నలుగురైదుగురికి సరిపోతుంది. గ్లాసు అంటే సుమారు 200 గ్రాముల బియ్యం పట్టేది. బియ్యానికి ఏ గ్లాసు వాడితే నీళ్లకీ అదే వాడండి.

బియ్యం: 2 గ్లాసులు
పుదీనా: ఆకులు తుంచాక రెండు గుప్పెళ్లు
కొత్తిమీర: మధ్యరకం కట్ట 1
ఉల్లిపాయలు: మధ్యరకంవి 2
పచ్చిమిర్చి: 5
అల్లం వెల్లుల్లి ముద్ద: ఒకటిన్నర చిన్న చెంచా, వీలైతే అప్పుడే నూరింది
సాజీర: 1 చిన్న చెంచా
లవంగాలు 4, యాలకులు 3, అంగుళం పొడవు దాల్చిన చెక్క ముక్కలు 2, బిర్యానీ ఆకులు 2
నూనె: 3 పెద్ద చెంచాలు, నెయ్యి: 1 పెద్ద చెంచా
ఉప్పు: 2 చిన్న చెంచాలు, ఎసరు రుచి చూశాక కావాలంటే ఇంకొంచెం

పసుపు వేయకండి, కారం వేయకండి, టమాటా వేయకండి. అన్నం తెల్లగా ఉండి, మధ్యమధ్యలో పచ్చటి ఆకు, బంగారు రంగు ఉల్లిపాయ కనబడాలి. సాజీర లేకపోతే మామూలు జీలకర్ర వేసుకోవచ్చు గానీ వాసన మారిపోతుంది. ఒక్క చిన్న పొట్లం కొనిపెట్టుకుంటే గాలి తగలని డబ్బాలో నెలల తరబడి ఉంటుంది కాబట్టి, దాని విషయంలో రాజీ పడొద్దని నా సలహా.

ముందు ఆకు సంగతి

వంట బజారులోనే మొదలవుతుంది. పుదీనా కట్ట చేతిలోకి తీసుకుని ఒక ఆకుని రెండు వేళ్ల మధ్య నలపండి. వాసన గుప్పున రావాలి. ఆకు మీద నల్ల మచ్చలున్నా, కట్ట మధ్యలో చెయ్యి పెడితే తడితడిగా, వెచ్చగా తగిలినా వద్దనండి. అలాంటి కట్ట సాయంత్రానికే లోపల కుళ్లడం మొదలుపెడుతుంది. కొత్తిమీరలో నాటు రకం దొరికితే అదే తీసుకోండి. ఆకు చిన్నగా, కట్ట బక్కగా ఉంటుంది గానీ వాసన బాగా ఉంటుంది. కట్ట పెద్దగా, నిగనిగలాడుతూ ఉందని మోసపోకండి. ముక్కుతో చూసి కొనండి, కంటితో కాదు.

ఎండాకాలంలో ఇంటికి తెచ్చేలోపే ఆకు వాడిపోతుంది. కంగారేం లేదు. వేళ్లున్న కొత్తిమీరని పావుగంట, ఇరవై నిమిషాలు చల్లటి నీళ్లలో నిలబెడితే మళ్లీ లేచి నిలబడుతుంది.

కడిగేటప్పుడు కుళాయి కింద పట్టుకుని తిప్పితే మట్టి పోదు. వెడల్పాటి బేసిన్‌లో నిండా నీళ్లు పోసి, ఆకు అందులో వేసి చేత్తో పైకీ కిందకీ ఆడించండి. రెండు నిమిషాలు కదపకుండా వదిలేయండి. మట్టి అడుక్కి దిగుతుంది. ఇప్పుడు ఆకుని పైనుంచి చేత్తో ఎత్తి తీసి వేరే గిన్నెలో వేయాలి. బేసిన్‌ని చిల్లుల గిన్నెలోకి వంచేస్తే అడుగున దిగిన మట్టి మళ్లీ ఆకు మీదే పడుతుంది. అడుగున ఇసుక కనబడనంత వరకు ఇలా చేయండి. వానాకాలంలో నాకు నాలుగు సార్లు కడగాల్సి వస్తుంది. కడిగాక పొడి బట్ట మీద పరచండి.

ఇక ఆకుని రెండు వాటాలు చేయడం. ఈ వంటలో నేను గట్టిగా పట్టుబట్టే విషయం ఇది.

పుదీనాకి ఆకులే కావాలి. లేత చివర్లు పర్వాలేదు, ముదురు కాడలు వద్దు. అవి నమిలినా నలగవు, కాస్త చేదు కూడా. (ఆ కాడల్లో నాలుగింటిని నీళ్ల గ్లాసులో పెట్టి కిటికీ దగ్గర ఉంచండి. వారం పదిరోజుల్లో వేళ్లొస్తాయి. కుండీలో నాటుకుంటే వచ్చే నెల పుదీనా కొనక్కర్లేదు.) కొత్తిమీర సంగతి వేరు. దాని లేత కాడల్లోనే మంచి రుచి ఉంటుంది. వేళ్లు, ముదురు భాగం కోసేసి, లేత కాడల్ని సన్నగా తరగండి. ఆకుల్ని విడిగా పెట్టండి.

ఇప్పుడు మొదటి వాటా: పుదీనాలో నాలుగింట మూడొంతులు, తరిగిన కొత్తిమీర కాడలన్నీ. ఇది తాలింపులోకి వెళ్తుంది. రెండో వాటా: మిగిలిన పుదీనా, కొత్తిమీర ఆకులన్నీ. ఇది చివర్లో, మూత పెట్టే ముందు పడుతుంది.

ఎందుకీ లెక్క అంటే, పుదీనాలో ఉన్న సువాసన నూనెలో బాగా కలుస్తుంది. తాలింపులో పడితే ఆ నూనె ద్వారా ప్రతి మెతుక్కీ అంటుకుంటుంది. కొత్తిమీర ఆకు వాసన అలా కాదు, వేడికి త్వరగా ఎగిరిపోతుంది. మొదట్లోనే వేస్తే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది గానీ, వడ్డించేసరికి విస్తట్లో ఏమీ మిగలదు. కాడలు కాస్త గట్టివి కాబట్టి వేడికి ఆగుతాయి. అందుకే కాడలు ముందు, ఆకులు చివర.

పుదీనాని కత్తితో సన్నగా తరగొద్దు. నలిగిన చోటల్లా నల్లబడుతుంది. చిన్న ఆకులు అలాగే వేయండి, పెద్ద ఆకుల్ని చేత్తో రెండుగా తుంచండి.

బియ్యం, నీళ్లు

బగారాకి బాస్మతే కావాలని రూలేం లేదు. ఊళ్లలో దావత్‌లకి సోనా మసూరి, హెచ్ఎంటీ, జైశ్రీరాం లాంటి సన్నబియ్యంతోనే వండుతారు. నాకైతే వీటితో చేసిందే ఎక్కువ ఇష్టం. బాస్మతికి సొంత వాసన ఉంటుంది, అది పుదీనాకి అడ్డొస్తుంది. సన్నబియ్యం అయితే ఆకు వాసనని తన వాసనలా తీసుకుంటుంది.

ఒకటి మాత్రం చూసుకోవాలి. బియ్యం పాతవై ఉండాలి. కొత్తబియ్యం తొందరగా మెత్తబడి, ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి. కనీసం ఆరు నెలలు, వీలైతే ఏడాది పాతవి తీసుకోండి. ఇంట్లో కొత్తవే ఉంటే నీళ్లు తగ్గించాలి.

బియ్యాన్ని మూడు నాలుగు సార్లు, నీళ్లు తేటగా కనబడేదాకా కడగండి. పైన అంటుకున్న పిండి పోతేనే మెతుకులు విడివిడిగా వస్తాయి. గట్టిగా పిసక్కండి, గింజ విరుగుతుంది. కడిగాక నీళ్లు పోసి అరగంట నానబెట్టండి. నానితే గింజ లోపలి దాకా తడి చేరుతుంది, పైనా లోపలా ఒకేలా ఉడుకుతుంది. నానబెట్టకుండా వండితే పైన చిమిడిపోయి లోపల పలుకు మిగిలిపోతుంది. అరగంట అయ్యాక నీళ్లు వంచేసి, బియ్యాన్ని చిల్లుల గిన్నెలో వేసి పది నిమిషాలు వదిలేయండి. బియ్యంలో మిగిలిపోయిన నీళ్లు ఎసటి లెక్కని పాడు చేస్తాయి.

నీళ్ల కొలత, నానిన రెండు గ్లాసుల బియ్యానికి:
పాత సన్నబియ్యం అయితే మూడున్నర గ్లాసులు.
కొత్త సన్నబియ్యం అయితే మూడు గ్లాసులు.
బాస్మతి అయితే మూడు గ్లాసులు.

ఇది గిన్నెలో, మూత పెట్టి వండినప్పటి లెక్క. మీ బియ్యం సంచి మారినప్పుడల్లా మొదటిసారి కాస్త తక్కువ నీళ్లతో మొదలుపెట్టండి. పలుకుగా ఉంటే సరిచేసుకోవచ్చు, చిమిడిపోతే వెనక్కి తీసుకురాలేం.

పొయ్యి మీద

అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నె తీసుకోండి. పల్చటి గిన్నె అయితే అడుగంటుతుంది. మరీ లోతైన గిన్నె అయితే కింది అన్నం పైబరువుకి మెత్తబడుతుంది. పక్క పొయ్యి మీద కొలిచిన నీళ్లు వేడిచేయడానికి పెట్టేయండి. తాలింపులో చన్నీళ్లు పోస్తే మరగడానికి చాలాసేపు పడుతుంది, అంతసేపూ తాలింపులో ఆకు ఉడికిపోతూ ఉంటుంది.

గిన్నెలో నూనె, నెయ్యి కలిపి వేడెక్కనివ్వండి. మంట మధ్యస్తంగా పెట్టి ముందు బిర్యానీ ఆకులు, దాల్చిన చెక్క, లవంగాలు, యాలకులు వేయండి. యాలకులకి ముందే చిన్న గాటు పెట్టండి, లేకపోతే టప్‌మని పేలి నూనె చిందుతుంది. లవంగాలు ఉబ్బగానే సాజీర వేయండి. సాజీర చాలా సున్నితం. పది సెకన్లు చాలు, మాడితే చేదొస్తుంది.

వెంటనే నిలువుగా సన్నగా కోసిన ఉల్లిపాయలు, నిలువుగా చీల్చిన పచ్చిమిర్చి వేయండి. చిటికెడు ఉప్పు చల్లితే ఉల్లిపాయ త్వరగా మగ్గుతుంది. ఇక్కడ రంగు ముఖ్యం. ఉల్లిపాయ అంచులు బంగారు రంగులోకి వచ్చి, మధ్యలో ఇంకా మెత్తగా, తేటగా ఉన్నప్పుడు ఆపాలి. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఎర్రగా వేయిస్తే అన్నం మట్టి రంగులోకి మారుతుంది, ఉల్లిపాయ తీపి ఆకు వాసనని మింగేస్తుంది.

మంట తగ్గించి అల్లం వెల్లుల్లి ముద్ద వేయండి. ఇది అడుగున అంటుకునే రకం కాబట్టి చెయ్యి ఆపకుండా, అట్లకాడతో అడుగు గీకుతూ వేయించాలి. అంటుకుంటోందనిపిస్తే రెండు చెంచాల వేడినీళ్లు చల్లండి. పచ్చివాసన పోయి, ముక్కుకి కమ్మటి వాసన తగలగానే, అంటే నిమిషం నిమిషంన్నరలో, మొదటి వాటా ఆకు వేయాలి.

ఈ క్షణం పొయ్యి వదిలి ఎక్కడికీ వెళ్లకండి. పుదీనా వేడి నూనెలో పడగానే చుయ్‌మంటుంది. కలిపితే కొద్దిసేపట్లో ఆకు ముడుచుకుని, రంగు చిక్కటి పచ్చగా మారుతుంది. వాసన కూడా మారుతుంది. పచ్చి పుదీనా ముక్కుకి చల్లగా తగులుతుంది కదా, ఆ చల్లదనం తగ్గి కొంచెం తియ్యగా, వెచ్చగా ఉండే వాసన వస్తుంది. అదే గుర్తు. అరనిమిషం నుంచి ముప్పావు నిమిషం, అంతే. ఇంకా వేయిస్తే ఆకు నల్లబడి గడ్డి వాసన పట్టుకుంటుంది. గుర్తు కనబడగానే మరుగుతున్న నీళ్లు పోసేయండి.

ఉప్పు వేసి, మంట పెంచి, ఎసరు తెర్లనివ్వండి. ఇప్పుడు గరిటెతో కొంచెం తీసి, ఊది, రుచి చూడండి. ఎసరు నాలుక మీద కాస్త ఉప్పగానే తగలాలి. తాగడానికి సరిగ్గా ఉందనిపిస్తే అన్నానికి ఉప్పు చాలదని అర్థం, బియ్యం సగం ఉప్పుని పీల్చేసుకున్నట్టు ఉంటుంది. అలాగని మరీ ఎక్కువ వేయకండి. పక్కన కూరలో కూడా ఉప్పు ఉంటుంది, అన్నం విడిగా తింటే ఒక్క పిసరు తక్కువే అనిపించాలి.

బియ్యం వేసి ఒక్కసారి, అడుగు దాకా మెల్లగా కలపండి. ఆ తర్వాత గరిట పక్కన పెట్టేయండి. నానిన బియ్యం సున్నితంగా ఉంటుంది, పదే పదే కలిపితే విరిగి పిండి వదులుతుంది. మూత పెట్టకుండా పెద్ద మంట మీద ఉడకనివ్వండి. ఐదారు నిమిషాల్లో నీళ్లు బియ్యం మట్టానికి దిగిపోయి, పైన చిన్న చిన్న గుంటలు పడి, వాటిలోంచి బుడగలు వస్తుంటాయి. ఇది కంటితో చూసి పట్టుకోవాల్సిన ఘట్టం, గడియారం చూసి కాదు.

గుంటలు కనబడగానే మంట పూర్తిగా తగ్గించి, రెండో వాటా ఆకుని పైన పరచండి. కలపొద్దు. మూత గట్టిగా పెట్టండి. మూత వదులుగా ఉంటే తడి బట్ట చుట్టి పెట్టొచ్చు, బట్ట అంచులు మంట వైపు వేలాడకుండా పైకి మడిచి చూసుకోండి. మూత మీద నీళ్లు నింపిన గిన్నె బరువుగా పెట్టండి. గిన్నె కింద పాత పెనం పెడితే ఇంకా మంచిది, మంట నేరుగా అడుగుకి తగలదు. కట్టెల పొయ్యి మీదైతే ఈ దశలో కట్టెలు లాగేసి, కొన్ని నిప్పులు మూత మీద కూడా వేస్తారు. పైనా కిందా సమానంగా వేడి తగిలి దమ్ బాగా అవుతుంది.

పన్నెండు నిమిషాలు ఇలా ఉంచి పొయ్యి కట్టేయండి. మూత తీయకండి. ఇంకో పది నిమిషాలు అలాగే వదలాలి. ఎంత టెన్షన్‌గా ఉన్నా, చుట్టాలు వచ్చి కూర్చున్నా ఈ పది నిమిషాలు వదులుకోవద్దు. గిన్నెలో మిగిలిన ఆవిరి ఈలోపు మెతుకుల్లోకి ఇంకుతుంది, అన్నం గట్టిపడుతుంది. పొయ్యి కట్టేసిన వెంటనే కలిపితే మెతుకు విరుగుతుంది.

మూత తీశాక అట్లకాడని అంచు నుంచి లోపలికి దించి, అడుగు నుంచి పైకి తిరగేస్తూ రెండు మూడు సార్లు కలపండి. పైనున్న ఆకు అప్పుడు అన్నంలో కలుస్తుంది. గుండ్రటి గరిటెతో నొక్కి తిప్పొద్దు.

కుక్కర్‌లో అయితే

తాలింపు అంతా కుక్కర్‌లోనే చేసి, నీళ్లు అర గ్లాసు తగ్గించి పోయండి. రెండు వాటాల ఆకు పద్ధతి ఇక్కడ కొంచెం మారుతుంది. రెండో వాటా మూత తీశాక వేయాలి. మధ్య మంట మీద రెండు విజిల్స్ రానిచ్చి కట్టేయండి, ఆవిరి దానంతట అదే పోనివ్వండి. మూత తీయగానే ఆకు చల్లి, మళ్లీ ఐదు నిమిషాలు మూత పెట్టండి. ఎలక్ట్రిక్ కుక్కర్‌కి కూడా ఇంతే, తాలింపు మాత్రం బాణలిలో చేసి అందులోకి మార్చుకోండి.

అమెరికాలోనో ఇంకో చోటో ఉండి వండేవాళ్లకి మూడు జాగ్రత్తలు. అక్కడ కొత్తిమీర పక్కనే పార్స్లీ కట్టలు కూడా పెడతారు, చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కొనేముందు వాసన చూడండి. పుదీనాలో పెప్పర్‌మింట్ కాకుండా స్పియర్‌మింట్ తీసుకోండి, పెప్పర్‌మింట్ వేస్తే అన్నం టూత్‌పేస్ట్ వాసన కొడుతుంది. కరెంటు కాయిల్ స్టవ్ అయితే సెగ తగ్గించినా వేడి వెంటనే తగ్గదు. దమ్‌కి పెట్టే సమయానికి ఇంకో బర్నర్‌ని ముందే సన్నగా వెలిగించి ఉంచుకుని, గిన్నెని దాని మీదికి మార్చండి.

తేడా వస్తే

మూత తీశాక మెతుకు పలుకుగా ఉంటే పావు గ్లాసు మరిగే నీళ్లు అంచుల వెంట చల్లి, మళ్లీ మూత పెట్టి సన్న మంట మీద ఐదు నిమిషాలు ఉంచండి. ఉప్పు తక్కువైతే అదే నీళ్లలో కరిగించి చల్లండి, పొడి ఉప్పు పైన చల్లితే ఒకచోట చప్పగా, ఒకచోట ఉప్పగా ఉంటుంది.

మెత్తబడితే మూత తీసేసి, అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలోకి తీసి పరిచి, ఫ్యాన్ కింద పది నిమిషాలు పెట్టండి. తడి ఆరి కొంతవరకు విడివిడి అవుతుంది. మాడు వాసన వస్తే మాత్రం అస్సలు కలపకండి. పైనున్న అన్నాన్ని అడుగు కదలకుండా వెంటనే వేరే గిన్నెలోకి తీసేయండి. కలిపారంటే మాడు వాసన మొత్తానికి పడుతుంది.

ఎక్కువ మందికి వండాలంటే

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. పదింతలు బియ్యం కదా అని పదింతలు నీళ్లు, పదింతలు లవంగాలు వేయకూడదు. చిన్న గిన్నెలో ఆవిరైపోయే నీళ్ల వాటా ఎక్కువ, పెద్ద గంజులో తక్కువ. మా చుట్టాలింట్లో గృహప్రవేశానికి మొదటిసారి ఇరవై గ్లాసుల బియ్యం వండినప్పుడు నేను ఇంటి లెక్కనే హెచ్చించి పోశాను. ముప్పై ఐదు గ్లాసుల నీళ్లు. అడుగున అన్నం ఉప్మాలా అయిపోయింది. పైసగం తీసి ముందు పంక్తికి వడ్డించి, కిందిది పళ్లేల్లో ఆరబెట్టాల్సి వచ్చింది. ఆ తర్వాత నుంచి అంత బియ్యానికి గ్లాసుకి గ్లాసున్నర చొప్పున, అంటే ముప్పై గ్లాసులు పోస్తున్నాను, సరిగ్గా వస్తోంది.

మసాలా దినుసులు ఇంటి కొలతకి ఐదారింతలు వేస్తే చాలు. ఉప్పు మాత్రం బియ్యాన్ని బట్టే పెంచాలి, ఎసరు రుచి చూసి నిర్ణయించండి. ఆకుని మాత్రం పూర్తిగా పదింతలు వేయండి, అక్కడ చెయ్యి వెనక్కి తీయొద్దు. అంత ఆకు కడగడానికి, తుంచడానికి ఇద్దరు మనుషులకి గంట పైనే పడుతుంది కాబట్టి ముందురోజు రాత్రే కూర్చోండి. తుంచిన ఆకుని తడి ఆరాక పొడి బట్టలో చుట్టి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి తాజాగా ఉంటుంది. తడితో పెడితే నల్లబడుతుంది.

పక్కన ఏం పెట్టాలి

నాటుకోడి కూర మొదటిది. నిజామాబాద్ జిల్లా అంకాపూర్ నాటుకోడి కూరకి ఎంత పేరుందో తెలిసిందే కదా, అలాంటి ఘాటైన కూర పక్కన ఈ చల్లటి వాసన ఉన్న అన్నం ఉంటే కారం కూడా తియ్యగా అనిపిస్తుంది. మటన్ కూర, తలకాయ కూర అంతే. హైదరాబాదులో బగారాకి జోడీ దాల్చా. పప్పు, సొరకాయ, చింతపండు పులుపుతో, మటన్ ముక్కలతో గానీ ఎముకలతో గానీ చేస్తారు, మాంసం లేకుండా కూడా చేసుకోవచ్చు. శాకాహారులకి పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరి వేసిన బగారా బైంగన్ కంటే మంచి తోడు లేదు. ఏమీ లేని రోజు కోడిగుడ్డు పులుసు, లేదంటే ఉల్లిపాయ, కీరా తరిగి కలిపిన పెరుగు చట్నీ చాలు. కూర కాస్త జారుగా ఉండేలా చూసుకోండి. పొడి వేపుళ్లు దీనికి నప్పవు.

పిల్లలకి వడ్డించేముందు లవంగాలు, యాలకులు, దాల్చిన చెక్క ఏరేయండి. లెక్కపెట్టి వేస్తే లెక్కపెట్టి తీయొచ్చు, నేను అందుకే పైన అంకెలు రాశాను.

మిగిలితే గిన్నెలో అలాగే రాత్రంతా బయట ఉంచొద్దు. వండిన అన్నం వెచ్చగా ఎక్కువసేపు ఉంటే అందులో క్రిములు పెరుగుతాయి, వాటి విషం మళ్లీ వేడిచేసినా పోదు. వండిన గంట రెండు గంటల్లోపే పల్చగా పరిచి చల్లార్చి, మూత ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు తీసి, నాలుగు చెంచాల నీళ్లు చల్లి, మూత పెట్టి సన్న మంట మీద పొగలు కక్కేదాకా వేడిచేయండి. రాత్రి ఆకు వాసన కొంత తగ్గిపోయి ఉంటుంది కాబట్టి గుప్పెడు కొత్తిమీర ఆకులు మళ్లీ కొత్తగా చల్లి, మూత పెట్టి రెండు నిమిషాలు ఉంచి, నిమ్మచెక్క పిండుకుని తినండి.